వందలో ఇరవై ఐదు

జూన్ 3, 2024. సోమవారం.

ల్యాబులో పాత రిజిస్టరు ఒకటి సగం ఖాళీగా పడి ఉంది. ఇందులో రాస్తాను. ఇంటికి మాత్రం తీసుకెళ్ళను. రొయ్యపిల్లల హేచరీలో నా సొరుగుకు తాళం ఉంది. ముత్తుకూరు ఇంట్లో దేనికీ తాళం లేదు.

శనివారం చెన్నై వెళ్ళొచ్చాం. మస్తాని, దాని మొగుడు మాల్యాద్రి, నేను. డాక్టర్లతో ఇంగ్లీషు మాట్లాడాలంటే ఆ ఇంట్లో నేనే గతి. ఆరు నెలలుగా అది గిన్నెలు జారవిడుస్తోంది, కుడికాలు ఈడుస్తోంది. గచ్చు మీద నీళ్ళున్నాయని ఒకసారి, చెప్పు తెగిందని ఒకసారి చెప్పేది. పని తప్పించుకోవడానికి వేషాలు వేస్తోందని అత్తతో నేనే అన్నాను. అప్పుడు అందరం అలాగే అనుకున్నాం.

డాక్టరమ్మ ఫిల్ములు పైకెత్తి మచ్చలు చూపించింది. మెదడులో ఏడు, మెడ దగ్గర వెన్నుపాములో ఒకటి. మల్టిపుల్ స్క్లెరోసిస్ అని పేరు చెప్పింది. ఒంటిని కాపలా కాయాల్సిన కణాలే నరాల మీది పూతను తినేస్తాయట. మాల్యాద్రి ఆ పేరును నోట్లోనే రెండుసార్లు అనుకుని వదిలేశాడు.

తర్వాత ఆమె మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది.

"మీరు కవలలా?"

"అవును."

"ఒకే మాయలో పుట్టారా?"

"కాదు మేడం. పోలికలంతే. రెండు మాయలని మంత్రసాని చెప్పిందట," అన్నాను.

మస్తాని నావైపు తిరిగింది. ఒకటే మాయ అని అమ్మ మాకు బువ్వ పెట్టేటప్పుడల్లా చెప్పేది. కసుమూరు మస్తానయ్యకూ పెంచలకోన స్వామికీ ఇద్దరికీ మొక్కుకుంటే, ఇద్దరూ కలిసి ఒకటే మాయలో ఇద్దరినిచ్చారని. అందుకే అది మస్తానమ్మ, నేను పెంచలమ్మ.

"ఇది వంశంలో వొచ్చేదా మేడం?" అని మాల్యాద్రి అడిగాడు.

"అలా అనుకోకండి. తండ్రి ముక్కు కొడుక్కి వచ్చినట్టు వచ్చేది కాదు. రెండు వందలకు పైగా జన్యువులు తలా కాస్త అటు తోస్తాయి. అన్నిటికన్నా గట్టిగా తోసేది ఆరో క్రోమోజోములో ఉంటుంది, ఏది మనదో ఏది బయటిదో ఒంటికి నేర్పే జన్యువుల్లో. అది ఉన్నవాళ్ళలో కూడా చాలామందికి జన్మలో ఏమీ రాదు. పైన ఇంకేదో తోడవ్వాలి. ఒక వైరస్, ఎండ చాలకపోవడం, పొగ తాగడం. మామూలు తోడబుట్టినవాళ్ళకు వందలో ఇద్దరికో ముగ్గురికో వస్తుంది. కన్నబిడ్డలకూ దాదాపు అంతే. ఒకే మాయలో పుట్టిన కవలలైతే వందలో ఇరవై ఐదు దాకా. అంటే ఇంకో డెబ్బై ఐదు మందికి రాదు. అదే రక్తం, అయినా రాదు. అది మర్చిపోవద్దు."

నన్ను అడిగింది: "మీకెప్పుడైనా చూపు మసకబారడం, తిమ్మిర్లు?"

"లేదు మేడం."

జూన్ 4

ఇరవై ఐదు ఒకే మాయవాళ్ళకు. నాకు రెండో మూడో.

జూన్ 9

అత్త మధ్యాహ్నం చారు పోస్తూ, ఎవరికో చెబుతున్నట్టు గోడవైపు తిరిగి అంది: "ఒక్క అచ్చులో పోసినోళ్ళు గదమ్మే మీరిద్దరూ. దానికి వొస్తే నీకు రాకుండా యాడికి పోతాది?"

ఆరేళ్ళ కిందట ఒకే పందిట్లో ఇద్దరినీ తెచ్చుకున్నప్పుడు ఇదే అత్త సామ్రాజ్యమ్మ, కవల కోడళ్ళని ఊరంతా చెప్పుకుంది. పావుగంట పెద్దదాన్నని పెద్దకొడుకు గిరిబాబుకు నన్ను, చిన్నోడికి దాన్ని. నేను బియస్సీ పూర్తి చేశాను, అది మధ్యలో మానేసింది. అదొక్కటే తేడా. కాదు. దానికి వెన్నెల ఉంది, నాలుగేళ్ళది. నాకు లేరు. అది రెండో తేడా.

"మాది రెండు మాయలత్తా. డాక్టరమ్మ కూడా అదే చెప్పింది," అన్నాను.

మస్తాని అప్పుడు వాకిట్లో వెన్నెలకు జడ వేస్తోంది. మూడుసార్లు పాయలు జారిపోయాయి. నేను వెళ్ళి వేశాను.

జూన్ 23

జుట్టు భుజాల దాకా కత్తిరించేశాను. ముక్కుపుడక ఎడమ నుంచి తీసి కుడివైపు కుట్టించుకున్నాను. చీము పట్టింది, మానిపోతుంది. మస్తాని చూసి నవ్వింది. "ఏమ్మే, ఇట్ట చేస్తే ఆ జబ్బుకు దారి తెలవదా?" అంది. ఒళ్ళు మండింది. దానికి ఈ మధ్య నోటి దురుసు ఎక్కువైంది.

జులై 14

గిరిబాబు పోర్టు డ్యూటీ నుంచి వచ్చి నేను మెట్లు దిగేటప్పుడు నా కాళ్ళవంక చూస్తున్నాడు. నేను చూశానని తెలిస్తే ఫోను తీస్తాడు.

ఈరోజు టీ తాగుతూ అన్నాడు: "గుంటూరు డాక్టరు దగ్గరికి ఇప్పుడే వొద్దులే. పిలకాయల సంగతి తర్వాత చూద్దాం."

నాలుగేళ్ళు తిరిగాం ఆ డాక్టరు చుట్టూ.

"నాకేం లేదు," అన్నాను.

"ఉందన్నానా?"

ఆగస్టు 10

మస్తానికి సెలైన్‌లో ఎక్కించే మందు మొదలుపెట్టారు. ఆరు నెలలకోసారి ఎక్కించాలి, తప్పితే మచ్చలు మళ్ళీ లేస్తాయి. తర్వాతిది ఫిబ్రవరి 10. ఆస్పత్రిలో ఫోన్ నంబరు అడిగితే నాది ఇచ్చారట, ఇంగ్లీషు తెలిసినదాన్నని.

నేను వెళ్ళలేదు. ల్యాబులో సీడు టెస్టులు, రొయ్యపిల్లలకు వైరస్ ఉందో లేదో చూసేవి, ఉన్నాయి. వెన్నెల నా పక్కనే పడుకుంది. మెడ కింద చెయ్యి పెట్టి పడుకుంటుంది ఈ పిల్ల.

ఆగస్టు 29

అది కర్ర పట్టుకుని బజారుకు వెళ్ళింది. ఎందుకు వెళ్ళాలి? రొట్టె కావాలంటే నేను తేనా? ఇప్పుడు బస్టాండు దగ్గర పూలమ్మి, "ఏమ్మా, నిన్న కర్రతో పొయ్యినావు, ఇప్పుడు బాగుందా?" అని నన్ను అడుగుతోంది.

సెప్టెంబరు 15

కామాక్షయ్య మామ హేచరీకి వచ్చాడు. మా అత్త తమ్ముడు. ఆయనకు తొమ్మిది ఎకరాల రొయ్యల గుంటలున్నాయి, సీడు టెస్టు చేయించే నెపంతో వచ్చాడు. నేను మిషన్ ఆన్ చేసి బయటికి వస్తే వేపచెట్టు కింద నిలబడి ఉన్నాడు.

"ట్యాంకులో ఒక్క పిల్లకు తెల్లమచ్చ వైరస్ తేలితే ఏం జేస్తారమ్మా?"

"బ్లీచింగ్ పోసి వదిలేస్తాం మామా."

"ఆ ఒక్కదాన్నా?"

"ట్యాంకు మొత్తం."

తల ఊపాడు. "మా అక్క అదే అంటావుంది. ఇద్దర్నీ తూపిలిపాళెం పంపించేద్దామంటావుంది."

మా అమ్మ ఉండేది తూపిలిపాళెంలో. ఎండు చేపలు ఏరుకుంటూ ఒక్కతే ఉంటుంది.

ఆయనే మళ్ళీ అన్నాడు. "నేనొప్పుకోలా. పెద్దమ్మాయి ఉద్యోగం చేస్తావుంది, ఇల్లు చూస్తావుంది, అదెట్ట కుదురుతాది అన్నా. ఒకటే దారి ఉండాది. చిన్నదానికి పెళ్ళికి ముందే ఈ జబ్బు ఉండి దాచిపెట్టినారు అని తేలితే, అది దానొక్కదాని సంగతి. నీది వేరే. పెళ్ళికి ముందు ఏదన్నా జరిగిందా? బాగా గుర్తు తెచ్చుకో. తోడబుట్టినదానివి, నీకు తెలవకుండా ఏముంటాది?"

సీడులో వైరస్ లేదు. ఆ కాగితం ఇస్తే మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

సెప్టెంబరు 17

నాకు బాగా గుర్తుంది. డిగ్రీ రెండో సంవత్సరం, గూడూరు హాస్టలు. మస్తానికి ఎడమకన్ను మసకబారింది. కన్ను తిప్పితే లోపల నొప్పి. ఎర్ర చున్నీ వెలిసిపోయిన ఇటుక రంగులో కనిపించేది నా... దానికి. మూడు వారాలు. నెల్లూరులో కంటి ఆస్పత్రిలో మూడు రోజులు ఇంజక్షన్లు చేశారు, తగ్గిపోయింది. పెళ్ళిచూపులప్పుడు చెప్పొద్దని అమ్మ అంది. కాబట్టి దాచిపెట్టారన్న మాట కూడా అబద్ధం కాదు.

సెప్టెంబరు 18

మస్తానికి ఎడమకన్ను. మస్తానికి.

అక్టోబరు 6. ఆదివారం.

అయిపోయింది.

నడవలో కామాక్షయ్య మామ కుర్చీలో, మగవాళ్ళు చాప మీద కూర్చున్నారు. అమ్మను పిలిపించారు. తలుపు పక్కన నిలబడింది. మస్తాని స్తంభానికి ఆనుకుని కాళ్ళు చాపుకుని కూర్చుంది. కాళ్ళు ముడుచుకుని కూర్చోవడం దానికి కుదరదు. అత్త దాన్ని కూడా మర్యాద లేకపోవడం కింద లెక్కేసింది. వెన్నెల నా ఒళ్ళో ఉంది.

"అమ్మాయ్ పెంచలమ్మా, నీ చెల్లెలికి పెళ్ళికి ముందు ఏమన్నా ఉండిందా? దేవుణ్ణి తలుచుకొని చెప్పు."

చెప్పాను. గూడూరు, హాస్టలు, ఎడమకన్ను, ఇటుక రంగు, మూడు ఇంజక్షన్లు. నిజంగా జరిగిన విషయం చెబుతున్నట్టే ఉంది. నిజంగా జరిగిందే కదా.

అమ్మ ఒక్కడుగు ముందుకు వేసింది. "ఏందే నువ్వు చెప్పేది? ఆ కన్ను..."

మస్తాని చెయ్యి చాపి అమ్మ చీర కుచ్చెళ్ళు పట్టుకుంది. "అమ్మా. ఊరుకో."

"ఏమ్మా మస్తానమ్మా, మీ అక్క చెప్పింది నిజమేనా?"

అది నా మొహం చూడలేదు. నా ఒళ్ళో ఉన్న వెన్నెలను చూసింది. ఎంతసేపు చూసిందంటే, గిరిబాబు దగ్గి, మళ్ళీ దగ్గాడు.

"నిజమే మామా," అంది. "ఆ కన్ను నాదే."

మాల్యాద్రి లేచి వాకిట్లోకి పోయి, కంపెనీ బస్సు కోసం నిలబడ్డట్టు రోడ్డువంక చూస్తూ నిలబడ్డాడు. ఆదివారం బస్సు రాదు.

బట్టలు రెండు సంచుల్లో పట్టాయి. వెన్నెలను ఎత్తుకోవడానికి అమ్మ చేతులు చాపితే అత్త అడ్డం వచ్చింది. "కాళ్ళు చేతులు పడిపొయ్యే దాని దగ్గర బిడ్డ ఎట్ట పెరుగుతాది? ఈణ్ణే ఉంటాది." పిల్ల ఏడ్చింది. నేను గట్టిగా పట్టుకున్నాను. పట్టుకోకపోతే రోడ్డు మీదికి పరిగెత్తేది. ఆటోలు తిరుగుతుంటాయి.

అక్టోబరు 7

ఆ కన్ను నాది.

ఒక్కసారి రాసి పెడుతున్నాను, మళ్ళీ రాయను. పంతొమ్మిదో ఏట నా ఎడమకన్ను మూడు వారాలు పోయింది. ఆ మూడు వారాలూ మస్తాని నన్ను చెయ్యి పట్టుకుని క్లాసుకు తీసుకెళ్ళింది. నా రికార్డులు అదే రాసింది, నా చేతిరాతలోనే. దాని పరీక్షలు పోయాయి. ఆ ఏడే అది చదువు మానేసింది.

అక్టోబరు 8

నిజమే అంది. ఎవరూ దాన్ని బలవంతం చేయలేదు.

నవంబరు 20

వెన్నెల అన్నం తింటోంది. మొదటి వారం తినలేదు, ఇప్పుడు తింటోంది. ఎగ్ ఫ్రై అయితే రెండు ముద్దలు ఎక్కువ. తడ దగ్గర చెప్పుల ఫ్యాక్టరీలో పనిచేసే పక్కింటి అమ్మాయి రంగు చెప్పులు తెచ్చిచ్చింది. కుడిది ఎడమకు, ఎడమది కుడికి వేసుకుని ఇల్లంతా తిరిగింది. నేను నవ్వాను. చాలా రోజులకు.

జనవరి 5, 2025

ఈ పొద్దున వాకిట్లో నీళ్ళు చల్లుతుంటే వెనక నుంచి వచ్చి కాళ్ళు పట్టుకుని "అమ్మా" అంది. వెంటనే చూసి, "పెద్దమ్మా" అని దిద్దుకుంది.

"ఏదైనా పర్లేదు," అన్నాను.

జుట్టు మళ్ళీ పెరుగుతోంది. కత్తిరించలేదు.

ఫిబ్రవరి 7

చెన్నై నంబరు. తీయలేదు.

ఫిబ్రవరి 10

మళ్ళీ చెన్నై నంబరు. "మస్తానమ్మ గారు ఈరోజు ఇన్ఫ్యూషన్‌కి రావాలి," అంది ఆస్పత్రి అమ్మాయి. మస్తానమ్మ ఇక్కడ ఉండడం లేదన్నాను. అది నిజమే. వేరే నంబరు ఉందా అని అడిగింది. తెలియదన్నాను.

మాల్యాద్రికి గుర్తుందేమో. వాడి పెళ్ళాం, వాడి బాధ్యత. డ్యూటీకి వెళ్ళాడు.

ల్యాబులో ఈరోజు అరవై శాంపిళ్ళు.

ఫిబ్రవరి 13

మూడోసారి చేసింది. రాంగ్ నంబర్ అన్నాను.

మార్చి 30. ఉగాది.

అమ్మ ఫోన్ చేసింది. మస్తాని మంచం దిగలేకపోతోందట. రెండు కాళ్ళూ. ఒంటికి రెంటికీ మంచంలోనే. "ఒక్కసారి వొచ్చి చూడవే. నీకు తెలుసు గదా ఆ మందు సంగతి," అంది. వస్తానన్నాను.

అందరికీ పచ్చడి పెట్టాను. వెన్నెల చేదు తగిలి ఉమ్మేసింది.

ఏప్రిల్ 19

వెళ్ళలేదు. సీజను.

ఏప్రిల్ 27

మాల్యాద్రికి సంబంధాలు చూస్తున్నారు. కోట వైపు ఒకటి వచ్చిందట. వాళ్ళు అడిగారట: పెద్దకోడలు కూడా ఆ కవలల్లోదే కదా, ఆమెకేం లేదా?

అత్త ఈరోజు నేరుగా అడిగింది. "ఒకసారి తలకాయ ఫొటో తీయించుకోరాదా? ఉందో లేదో తేలిపోతాది."

"రెండు మాయలని చెప్పాను కదత్తా."

"అందుకేనమ్మే, తీయించుకుంటే ఏం బోతాది?"

గిరిబాబు ప్లేటులోంచి తల ఎత్తలేదు. "వొచ్చే నెల పన్నెండు, సోమవారం లీవు పెట్టినా," అన్నాడు.

అంటే ముందే మాట్లాడుకున్నారు.

మే 13

నిన్న చెన్నై.

నాలుగు రోజులుగా ఎడమకన్ను మూసి కుడికంటితో, కుడికన్ను మూసి ఎడమకంటితో గోడమీది క్యాలెండరు చూస్తూ వచ్చాను. పొద్దున మెలకువ రాగానే కాలివేళ్ళు కదిపి చూసుకోవడం. ఉన్నాయి. పదీ ఉన్నాయి.

అదే డాక్టరమ్మ. బిల్లు కట్టడానికి గిరిబాబును కౌంటరుకు పంపించి, తలుపు మూసి, చెప్పాను. ఒకే మాయ. కన్ను నాది. పదకొండేళ్ళైంది. తర్వాత ఏమీ లేదు. మొత్తం ఒక నిమిషం కూడా పట్టలేదు. ఊరూ పేరూ సరిగ్గా తెలియని మనిషికి చెప్పడం ఇంత సులువని తెలియదు.

ఆమె కోప్పడలేదు. రాసుకుంది. స్కానింగ్ తీశారు, తలకూ వెన్నుకూ. గొట్టం లోపల ముప్పావు గంట దబదబ సుత్తులతో కొట్టినట్టు మోత. ఒక్క దేవుడి పేరు కూడా గుర్తుకు రాలేదు. ఒక్క మచ్చా ఉండకూడదు, ఒక్క మచ్చా ఉండకూడదు అనుకుంటూ పడుకున్నాను.

ఒక్క మచ్చా లేదు.

"ముందు ముందు రాదని రాసివ్వలేను. కానీ పదకొండేళ్ళు గడిచాయి, ఫిల్ములు శుభ్రంగా ఉన్నాయి. రాకపోవడానికే అవకాశం ఎక్కువ," అంది డాక్టరమ్మ. "ఒకే జన్యువులు. అయినా మీ చెల్లెలికి వచ్చింది, మీకు రాలేదు. ఎందుకంటే నాకూ తెలియదు."

నేను ఏడ్చాను. సంతోషానికే.

తర్వాత ఆమె కంప్యూటరు వైపు తిరిగింది. "మీ చెల్లెలు ఫిబ్రవరిలో రావాలి. మా వాళ్ళు మూడుసార్లు ఫోన్ చేశారు." నంబరు చదివింది. నా నంబరు. చదివి, నా కొత్త కేసు కాగితం మీద ఉన్న నంబరు చూసింది.

"ఇప్పుడెలా ఉంది?"

"నడవడం లేదు మేడం."

"వెంటనే తీసుకురండి. మళ్ళీ మొదలుపెడదాం. కానీ పోయిన నెలలు తిరిగి రావు. కాళ్ళు ఎంతవరకు వస్తాయో చెప్పలేను."

బయట గిరిబాబు రిపోర్టు తీసుకుని, ఫోనులో ఫొటో తీసి, అత్తకు పంపాడు. పంపాక నా చెయ్యి పట్టుకున్నాడు. ఏడాదిలో మొదటిసారి.

మే 18. ఆదివారం.

తూపిలిపాళెం వెళ్ళాను. ఏడు నెలల తర్వాత.

ఎందుకు వెళ్ళానో రాయాలి. నాకు రాలేదని చెప్పడానికి. ఎవరికి చెప్పినా వాళ్ళకు అది సగమే అర్థమవుతుంది. మొత్తం అర్థమయ్యేది దానికొక్కదానికే. అది సంతోషిస్తుందని కూడా అనుకున్నాను. దేవుడి మీద ఒట్టు, అనుకున్నాను.

అమ్మ వాకిట్లో ఎండుచేపలు తిరగేస్తోంది. నన్ను చూసి లేవలేదు. లోపల మంచం మీద మస్తాని. సగమైపోయింది. మొహం మాత్రం నాదే.

స్కానింగ్ సంగతి చెప్పాను. విన్నది.

"ఒక్కటి కూడా ల్యా?"

"లేదు."

"మంచిది," అంది. "అయితే నువ్వు గట్టిదానివి. పని చెయ్యగలవు," అంది.

నేను అడిగాను. ఆ రోజు ఎందుకు నిజమన్నావని. నా కోసమేనా అని అడిగాను. సిగ్గులేకుండా.

నవ్వింది. "నీ కోసమా? అమ్మను నోరు తెరవనిచ్చి ఉంటే ఇద్దర్నీ ఒకే ఆటోలో ఎక్కించేవోళ్ళు. నా బిడ్డ మాత్రం ఆణ్ణే ఉండేది. ఆ ముసల్ది దాన్ని వొదలదు. రేపు మాల్యాద్రి ఇంకోదాన్ని తెస్తాడు. అప్పుడు దానికెవరుంటారు? నిన్ను కాపాడలేదుమే నేను. నా బిడ్డకు ఒక ఆయమ్మను ఆ ఇంట్లో వొదిలిపెట్టి వొచ్చినా."

నేను మంచం పక్కనే నేల మీద కూర్చున్నాను.

"విను. ప్రతి నెలా ఒక ఆదివారం దాన్ని నాకాడికి తీసుకురా. ఆ మందు మళ్ళీ ఎక్కించే ఏర్పాటు నువ్వే చెయ్యి. మీ ఇంట్లో ఏమని చెప్పుకుంటావో నీ ఇష్టం. ఇంకోటి." మంచం కోడు పట్టుకుని పక్కకు తిరగడానికి చూసింది. సాయం చేయబోతే చెయ్యి విదిలించింది. తిరగలేకపోయింది. అలాగే చెప్పింది. "నువ్వు బిడ్డను కనొద్దు."

"ఏంటి?"

"నీకొక బిడ్డ పుడితే నాది ఆ ఇంట్లో గిన్నెలు తోముకోవాల. వెన్నెల పెద్దమనిషి అయ్యిందాకా నీకు బిడ్డ వొద్దు. నీ పేరు మీద ఉండే ఆ కంటి ఆస్పత్రి చీటీ అమ్మ ట్రంకు పెట్టెలో ఉండాది. ఒక్కరోజు ఆటో ఎక్కించుకొని ముత్తుకూరు వొస్తా. మోసుకొచ్చినా సరే వొస్తా."

"అది పదేళ్ళు. అప్పటికి నాకు నలభై దాటుతాయి."

"నాకూ అంతే గదమ్మే," అంది. "పావుగంట తక్కువ."

జూన్ 14

మందు ఎక్కించారు. హేచరీ మీటింగని ఇంట్లో చెప్పాను. నేనూ అమ్మా కారులో పడుకోబెట్టి తీసుకెళ్ళాం. డాక్టరమ్మ దాని అరికాలు గీరి చూసింది, మోకాళ్ళు తట్టి చూసింది. మళ్ళీ ఏడాదికి కర్రతో నిలబడితే గొప్ప అంది. మస్తాని విని, "దానికి చెప్పండి, నాకెందుకు?" అని నన్ను చూపించింది.

జూన్ 29

వెన్నెలను మొదటిసారి తీసుకెళ్ళాను. గడప దగ్గర నిలబడిపోయింది. మంచం మీద ఒకటి, పక్కన ఒకటి, ఒకే మొహం. నా వెనక్కి దాక్కుని చీర నోట్లో పెట్టుకుంది. అమ్మ దాన్ని ముందుకు తోయబోతే మస్తాని వద్దంది.

"రానీ. దానికి ఎప్పుడు రావాలనిపిస్తే అప్పుడే వొస్తాది."

బయల్దేరేటప్పుడు నన్ను మాత్రం వంగమని, చెవిలో అడిగింది: "ఈ నెల వొచ్చిందా?"

"వచ్చింది," అన్నాను.

"మంచిది."

జులై 6

గిరిబాబు గుంటూరు డాక్టరుకు ఫోన్ చేశాడు. ఇంక భయం ఏముందన్నాడు. అత్త పెంచలకోనకు మొక్కుకుంది. నాకు రెండు కొత్త చీరలు తెచ్చింది. కోట సంబంధం ఖాయమైంది. ముహూర్తం కార్తీకంలో.

కడుపు రాకుండా వేసుకునే మాత్రలు కొని ఈ సొరుగులోనే పెట్టుకున్నాను. మధ్యాహ్నం భోజనానికి ముందు ఒకటి. ఈ రిజిస్టరు పక్కనే.

జులై 16

రెండు రోజులు వేసుకోలేదు. మర్చిపోయాను. టెస్టులు ఎక్కువగా ఉన్నాయి.

జులై 20

వెన్నెల ఈసారి మంచం దాకా వెళ్ళింది. మస్తాని దాని జుట్టు ముట్టుకుంది. జడ ఎవరు వేశారని అడిగింది. "అమ్మ," అంది పిల్ల, నావైపు చూస్తూ. మస్తాని కళ్ళు మూసుకుంది, తెరిచింది.

"నెల వొచ్చిందా?"

"వచ్చింది."

నిజంగానే వచ్చింది, మొన్న శుక్రవారం.

జులై 31

మాత్రలు మానేశాను. ఒంటికి పడటం లేదు, తల తిరుగుతోంది. మళ్ళీ వేసుకుంటాను.

ఆగస్టు 28

నెల రావాల్సి పదమూడు రోజులు దాటింది. ల్యాబులో పని ఎక్కువైతే ఇలా అవుతుంది.

ఆగస్టు 29

బాత్రూములో చూసుకున్నాను. రెండు గీతలు. ఆరేళ్ళుగా ఎప్పుడూ ఒకటే గీత.

ఎవరికీ చెప్పలేదు. మధ్యాహ్నమంతా మైక్రోస్కోపు ముందు కూర్చుని ఒక్క స్లైడూ చూడలేదు. కూర్చుని నవ్వుకున్నాను. తర్వాత భయమేసింది. మళ్ళీ నవ్వొచ్చింది.

తల్లి నుంచి బిడ్డకు వందలో రెండో మూడో అని డాక్టరమ్మ చెప్పింది. అది కూడా తల్లికి ఉంటేనే. నాకు లేదు. నాకు ఏమీ లేదు.

ఆగస్టు 31. ఆదివారం. సెప్టెంబరు 1న రాస్తున్నాను.

వెళ్ళకపోతే అనుమానం వస్తుందని వెళ్ళాను. చేపల పులుసు, అన్నం క్యారియరులో తీసుకెళ్ళాను. మస్తానిని గోడకు ఆనించి కూర్చోబెట్టాం. మందు పనిచేస్తున్నట్టుంది, కుడిచెయ్యి కొంచెం నయం. తన చేత్తో తనే కలుపుకుంటోంది. సగం ముద్ద నోట్లోకి, సగం ఒళ్ళోకి.

"నెల వొచ్చిందా?"

"వచ్చింది," అన్నాను. "పదిహేనో తారీఖు."

తారీఖు చెప్పకుండా ఉండాల్సింది. ఎప్పుడూ చెప్పలేదు.

అది నా మొహంలోకి చూసింది. అద్దంలో చూసుకునేటప్పుడు చూసుకుంటామే, అట్లా. ఎక్కడెక్కడ ఏముందో తెలిసిన చూపు. తర్వాత తల దించి ముళ్ళు ఏరుకుంటూ తినసాగింది. "మంచిది" అనలేదు. పోనీ మర్చిపోయిందేమో అనుకున్నాను.

వెన్నెల బయట ఇసుకలో ఆడి ఆడి పరిగెత్తుకొచ్చి, ఎప్పట్లాగే నా ఒళ్ళోకి ఎగబాకింది.

మస్తాని కంచంలోంచి తల ఎత్తలేదు.

"పెద్దమ్మ కడుపు మీద కాళ్ళు పెట్టబాకమ్మా," అంది.

అంతే. అమ్మ చేతిలో చెంబు ఆగిపోయింది. నన్ను చూసింది, దాన్ని చూసింది, ట్రంకు పెట్టెవైపు చూసింది. నేను క్యారియరు కడగకుండానే మూతపెట్టి లేచాను. గడప దాటేదాకా ఎవరైనా పిలుస్తారని చెవులు వెనకే పెట్టుకుని నడిచాను. ఎవరూ పిలవలేదు.

బస్సులో సీటు దొరికింది. వాకాడు దాటకముందే వెన్నెల నా ఒళ్ళో అడ్డంగా నిద్రపోయింది. గతుకు వచ్చినప్పుడల్లా దాని మడమలు నా పొత్తికడుపుకు తగులుతున్నాయి. కాసేపు ఓర్చుకున్నాను. తర్వాత దాని కాళ్ళు పట్టుకుని పక్కకు జరిపాను.